చీకటి మెహ్‌ఫిల్‌లో ఫొటో: ఫ్లాష్ ఆపండి, పాట వినండి

షాదీ ఇంట్లో రాత్రి పదకొండు దాటాక షామియానా కింద కవ్వాలీ మొదలవుతుంది. మర్నాడు పొద్దున కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఫొటోలు వచ్చి పడతాయి. వందకు పైనే ఉంటాయి. తీరా చూస్తే సగం ఫొటోల్లో కవ్వాల్ ముఖం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటుంది. మిగతా సగంలో చేతులు పొగలా చెదిరిపోయి ఉంటాయి. ఫ్రేము కట్టించుకునే ఫొటో ఒక్కటీ దొరకదు. ఖరీదైన ఫోన్ ఉన్న ఇళ్లలోనూ ఇదే తంతు.

లాలాగూడ, మెట్టుగూడ, మౌలాలి వైపు ఒక కెమెరా కొనుక్కుని షాదీ ఫొటోలతో పని మొదలుపెట్టే కుర్రాళ్లకైతే ఇది రోజీరోటీ సమస్య. పగటి ఫొటోలు ఎవరైనా తీస్తారు. రాత్రి మెహ్‌ఫిల్ ఫొటోలు చూసే పార్టీ వాళ్లు మళ్లీ పిలవాలా వద్దా అని తేల్చుకుంటారు. పైగా కొందరు పెద్ద ఉస్తాదులు ఆ రాత్రి తర్వాత మళ్లీ మన గల్లీకి రాకపోవచ్చు. అందుకే తక్కువ వెలుతురులో పాడేవాళ్లను ఫొటో తీయడం ఎలాగో ఒకసారి వివరంగా చూద్దాం. లక్షల రూపాయల లెన్స్ లేకపోయినా ఇందులో చాలా వరకు చేయొచ్చు.

ఎంత చీకటో ముందు తెలుసుకోండి

మన కన్ను మనల్ని మోసం చేస్తుంది. చీకటికి అలవాటు పడిపోయి, స్టేజీ మీద బాగానే వెలుతురు ఉందని చెబుతుంది. కెమెరా లెక్క వేరు.

మంచి ఎండలో ఫొటో తీయడానికి ఫొటోగ్రాఫర్లు ఒక పాత లెక్క వాడతారు. ఐఎస్‌ఓ 100, లెన్స్ ఎఫ్/16, షట్టర్ 1/100 సెకను. అదే కవ్వాలీ స్టేజీ దగ్గర తరచూ ఐఎస్‌ఓ 3200, ఎఫ్/2.8, 1/200 సెకను దాకా వెళ్లాల్సి వస్తుంది. ఐఎస్‌ఓలో 32 రెట్లు, లెన్స్‌లో సుమారు 32 రెట్లు సాయం తీసుకుని, షట్టర్ దగ్గర సగం పోగొట్టుకున్నాం. లెక్క కడితే, ఎండతో పోలిస్తే అక్కడ ఉన్నది సుమారు ఐదు వందల వంతు వెలుతురు. గల్లీలో రెండు ట్యూబులైట్ల కింద జరిగే మెహ్‌ఫిల్ అయితే ఇంకా తక్కువ. ఈ లెక్క బుర్రలో ఉంటే కెమెరాను తిట్టుకోవడం మానేస్తాం.

మూడే తలుపులు

కెమెరాలోకి వెలుతురు లెక్క మూడు చోట్ల తేలుతుంది.

మొదటిది లెన్స్ రంధ్రం, అంటే అపర్చర్. ఎఫ్ పక్కన అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది. కెమెరాతో పాటు వచ్చే 18–55 లెన్స్‌ను పూర్తిగా జూమ్ చేస్తే ఎఫ్/5.6 దగ్గర ఆగిపోతుంది. 50 ఎం.ఎం. ఎఫ్/1.8 లెన్స్ దానికంటే దాదాపు పది రెట్లు వెలుతురు ఇస్తుంది. ప్రధాన కెమెరా కంపెనీల లెన్సుల్లో ఇది చవకైన వాటిలో ఒకటి. కొత్త కెమెరా బాడీ కోసం అప్పు చేసే ముందు ఈ లెన్స్ సంగతి ఆలోచించండి. సెకండ్ హ్యాండ్‌దైనా పని చేస్తుంది.

దీనికో చిక్కు ఉంది. రంధ్రం పెద్దదయ్యే కొద్దీ ఫోకస్ లోతు తగ్గుతుంది. మామూలు ఏపీఎస్‌-సీ కెమెరాలో, మూడు మీటర్ల దూరం నుంచి ఎఫ్/1.8లో తీస్తే, స్పష్టంగా వచ్చేది దాదాపు జానెడు లోతు మాత్రమే. హార్మోనియం మీద ఫోకస్ పడితే ముఖం మసకబారుతుంది. కాబట్టి ఫోకస్ ఎప్పుడూ మనవైపు ఉన్న కంటి మీదే.

రెండోది షట్టర్, అంటే వెలుతురు పడే సమయం. ఆలాపనలో కవ్వాల్ కళ్లు మూసుకుని నిలకడగా ఉంటే 1/60 సెకను కూడా సరిపోవచ్చు. మామూలుగా పాడుతున్నప్పుడు 1/125. చప్పట్లు, పైకి లేచే చెయ్యి ఆగినట్టు కనిపించాలంటే 1/250. తబలా, ఢోలక్ మీద వేళ్లకు 1/500 కావాలి. అంత వెలుతురు లేనప్పుడు వేళ్లను కాస్త చెదరనివ్వండి. ముఖం స్పష్టంగా ఉండి వేళ్లు మాత్రమే చెదిరితే ఆ ఫొటోలో తాళం కనిపిస్తుంది. ముఖమే చెదిరితే ఆ ఫొటో పోయినట్టే.

మూడోది ఐఎస్‌ఓ. ఇది వెలుతురును పెంచదు. లోపలికి వచ్చిన కొద్దిపాటి సిగ్నల్‌ను పెద్దది చేసి చూపిస్తుంది. అందుకే ఐఎస్‌ఓ పెంచిన ఫొటోలో గరుకుదనం, చుక్కలు కనిపిస్తాయి.

ఆ చుక్కలు ఎందుకు వస్తాయి?

వర్షం మొదలయ్యేటప్పుడు వాకిట్లో వరసగా గిన్నెలు పెట్టారనుకోండి. కుండపోత అయితే అన్నీ సమానంగా నిండుతాయి. నాలుగు చినుకులు పడి ఆగిపోతే ఒక గిన్నెలో మూడు, పక్క గిన్నెలో ఒకటి, ఇంకోదానిలో ఏమీ ఉండవు. వెలుతురు కూడా చినుకుల్లాగే రేణువులుగా వస్తుంది. తక్కువ వచ్చినప్పుడు పక్కపక్క పిక్సెళ్ల మధ్య తేడా ఎక్కువ. ఆ తేడానే మనకు చుక్కల్లా కనిపిస్తుంది.

గిన్నె పెద్దదైతే చినుకులు ఎక్కువ పడతాయి. ఫుల్ ఫ్రేమ్ కెమెరా సెన్సర్ 36 × 24 మిల్లీమీటర్లు. ఏపీఎస్‌-సీ సెన్సర్ వైశాల్యం అందులో సగం కంటే తక్కువ. ఎక్కువ ఫోన్లలో పదో వంతు కూడా ఉండదు. ఫోన్ ఫొటోలు చీకట్లో తేలిపోవడానికి అసలు కారణం ఇదే.

అయినా చుక్కలకు భయపడకండి. 1954లో కొడాక్ కంపెనీ ట్రై-ఎక్స్ అనే ఫిల్మ్‌ను 35 ఎం.ఎం. సైజులో తెచ్చింది. తక్కువ వెలుతురులో పని చేసే ఫొటోగ్రాఫర్లు దశాబ్దాల పాటు ఆ గరుకు ఫిల్మ్ మీదే సంగీతకారులను తీశారు. 2007లో వచ్చిన నికాన్ డీ3 కెమెరాలో ఐఎస్‌ఓ 6400 మామూలు పరిధిలోకి వచ్చింది. ఇప్పటి మధ్యరకం కెమెరాల్లోనూ 3200, 6400 వాడుకోవచ్చు. ఒక్క సూత్రం గుర్తుపెట్టుకుంటే చాలు. చుక్కలను తర్వాత తగ్గించొచ్చు, చెదిరిన ముఖాన్ని ఎవరూ తిరిగి తేలేరు. అనుమానం వస్తే ఐఎస్‌ఓ పెంచండి, షట్టర్ తగ్గించకండి.

ఫ్లాష్ ఎందుకు వద్దు?

లైటు నుంచి దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతు అవుతుంది. రెండు మీటర్ల దగ్గర ఉన్న వెలుతురు నాలుగు మీటర్లకు పావు, ఎనిమిది మీటర్లకు పదహారో వంతు. నాలుగో వరసలో కూర్చుని ఫోన్ ఫ్లాష్ కొడితే ముందు వరస వాళ్ల టోపీలు, తలలు మెరుస్తాయి. స్టేజీ నల్లగానే ఉంటుంది. దగ్గరికెళ్లి కొడితే ముఖం చదునైపోతుంది, వెనక గోడ మీద నల్లటి నీడ పడుతుంది. కళ్లు మూసుకుని కలామ్‌లో లీనమైన మనిషి కళ్లలో మెరుపు కొట్టడం అదబ్ కూడా కాదు.

ఫ్లాష్ కథ మన ఊరి ఫొటోగ్రఫీ అంత పాతది. రాజా దీన్‌దయాళ్ 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. మరుసటి ఏడాదే, 1887లో, జర్మనీలో మెగ్నీషియంతో చేసిన ఫ్లాష్ పొడి వచ్చింది. అంటిస్తే భగ్గుమని మండి, తెల్లటి పొగ వదిలేది. లాలాగూడ రైల్వే వర్క్‌షాప్ మొదలైన 1893 నాటికి కూడా దీపాల వెలుతురులో పాడుతున్న మనిషిని పాడుతుండగా పట్టుకోవడం దాదాపు అసాధ్యం. గాజు ప్లేటు మీద బొమ్మ పడేదాకా కదలకుండా కూర్చోవాల్సిందే. ఆ కాలం ఉస్తాదుల ఫొటోలు దొరికినా బిగుసుకుని కూర్చున్నట్టే ఉంటాయి. నోరు తెరిచి పాడుతున్న ముఖం, గాల్లో ఆగిన చెయ్యి తీయగలగడం మన కాలానికి దొరికిన సదుపాయం. దాన్ని ఫ్లాష్‌తో పాడు చేసుకోవద్దు.

విదేశాల్లో పెద్ద కచేరీల దగ్గర ప్రెస్ ఫొటోగ్రాఫర్లకు మొదటి మూడు పాటలే, ఫ్లాష్ లేకుండా, అనే పద్ధతి చాలాకాలంగా ఉంది. మనకు ఆ నిబంధన లేదు. రాత్రంతా టైముంది. అదే మన బలం.

కవ్వాలీ మీకు రెండో అవకాశం ఇస్తుంది

ఇక అసలు కిటుకు. కవ్వాలీలో ఒక మిస్రాను మళ్లీ మళ్లీ పాడతారు. దాన్ని తక్రార్ అంటారు. ముఖ్య గాయకుడు పంక్తి అందుకుంటాడు, వెనక వరస అందుకుని తిరిగి పాడుతుంది. ప్రతిసారీ దాదాపు అదే మాట దగ్గర అదే చెయ్యి లేస్తుంది. మొదటిసారి వినండి. రెండోసారి చెయ్యి ఎక్కడిదాకా వెళ్తుందో చూసుకుని ఫ్రేములో దానికి చోటు వదలండి. మూడోసారి తీయండి.

పైకి లేచే చెయ్యి ఒక చోట ఆగి, మళ్లీ కిందికి దిగుతుంది. పైన ఉన్న ఆ అర క్షణం దాదాపు కదలిక ఉండదు. అక్కడ నొక్కితే 1/250 అవసరమైన చోట 1/125 సరిపోతుంది. అంటే సగం ఐఎస్‌ఓతో పని అయిపోయినట్టు. పాట తెలిసినవాడికి ఉచితంగా దొరికిన లెన్స్ ఇది.

ముషాయిరాలోనూ అంతే. మంచి షేర్ పడితే జనం "ముకర్రర్" అంటారు. షాయర్ మళ్లీ చదువుతాడు, ఈసారి ఇంకాస్త హుషారుగా. మొదటిసారి మీరు తప్పిపోయినా రెండోసారి సిద్ధంగా ఉండొచ్చు. నజరానా ఇవ్వడానికి జనం లేచినప్పుడు కవ్వాల్ ముఖంలో వచ్చే మార్పు కూడా ముందే ఊహించగలిగేదే.

హైదరాబాద్‌లో ఈ కళకు పెద్ద పరంపర ఉంది. 1971లో పద్మశ్రీ అందుకున్న అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ ఈ నగరం కవ్వాలే. ఆయన మనవళ్లు వార్సీ బ్రదర్స్ పేరుతో ఆ పరంపరను కొనసాగించారు. ఫొటో తీయబోయే ముందు వారం రోజులు కవ్వాలీ రికార్డింగులు వినండి. గొంతు ఎక్కడ పైకి లేస్తుందో, ఎక్కడ ఆగుతుందో చెవికి పట్టుబడితే వేలు దానంతటదే సరైన చోట నొక్కుతుంది.

ఎక్కడ నిలబడాలి? ఎదురుగా నిలబడితే మైకు నోటికి అడ్డం, మైకు నీడ గడ్డం మీద. కాస్త పక్కకు, ఏటవాలుగా కూర్చోండి. కవ్వాల్ తన జోడీ వైపు తిరిగి పాడినప్పుడు ఇద్దరి ముఖాలూ ఒకే ఫ్రేములో వస్తాయి. వాళ్లు నేల మీద కూర్చుంటారు కాబట్టి మీరూ కిందికి దిగాలి. నిలబడి తీస్తే తలలే కనిపిస్తాయి, పైగా వెనకవాళ్లకు అడ్డం.

తెల్ల కుర్తా, ఎర్ర లైటు

వెనక నల్లటి పరదా, ముందు తెల్లటి కుర్తా. ఆటో మోడ్‌లో ఉన్న కెమెరా ఫ్రేమంతా సగటు బూడిద రంగులో ఉండాలని చూస్తుంది. నలుపును వెలిగించే ప్రయత్నంలో ముఖాన్ని, కుర్తాను కాల్చేస్తుంది. కాబట్టి మీటరింగ్‌ను స్పాట్‌లో పెట్టి ముఖం మీద చూడండి. లేదా ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను మైనస్ 1కి దించండి. కుర్తా మడతలు కనిపిస్తున్నాయా? అయితే సరిగ్గా ఉంది. వెనక చీకటి చీకటిగానే ఉండనివ్వండి, రాత్రి మెహ్‌ఫిల్ రాత్రిలాగే కనిపించాలి.

డీజే వాళ్ల ఎర్ర, నీలం ఎల్‌ఈడీలు ఇంకో తలనొప్పి. సెన్సర్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు రంగులు విడివిడిగా నమోదు చేస్తుంది. ఒక్క ఎర్ర లైటు పడితే మిగతా రెండింటిలో దాదాపు ఏమీ ఉండదు. ముఖం ఎర్రటి ముద్దలా వస్తుంది. అలాంటి లైట్లు వంతులవారీగా మారుతుంటాయి. తెలుపో పసుపో వచ్చేదాకా ఆగండి. కుదరకపోతే రా ఫార్మాట్‌లో తీసి తర్వాత బ్లాక్ అండ్ వైట్ చేయండి. అన్నింటికంటే తేలిక మార్గం, మెహ్‌ఫిల్ మొదలవ్వకముందే లైటింగ్ అతనితో మాట్లాడి కవ్వాల్ ముఖం వైపు ఒక పసుపు లైటు నిలకడగా పెట్టమనడం.

ఫొటోలో అడ్డంగా నల్లటి చారలు వస్తే కారణం కరెంటు. మన కరెంటు 50 హెర్ట్జ్. దాని మీద నడిచే చవక లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి, కంటికి తెలియదు. షట్టర్ 1/100 లేదా 1/50 పెడితే చారలు చాలావరకు పోతాయి. చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టర్‌తో చారలు ఎక్కువ. ముందే నాలుగు ట్రయల్ ఫొటోలు తీసి పెద్దవి చేసి చూసుకోండి.

ఫోన్ మాత్రమే ఉంటే

ముందు లెన్స్‌ను మెత్తటి బట్టతో తుడవండి. వేలిముద్ర జిడ్డు వల్లే లైట్ల చుట్టూ పొగమంచు కనిపిస్తుంది. జూమ్ చేయొద్దు, మెయిన్ కెమెరాలోనే, అంటే 1ఎక్స్‌లోనే ఉంచి దగ్గరికి వెళ్లండి. తెర మీద ముఖాన్ని తాకి, వేలు అలాగే ఉంచితే చాలా ఫోన్లలో ఫోకస్ లాక్ అవుతుంది. పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కాస్త కిందికి లాగండి.

నైట్ మోడ్ అనేక ఫొటోలు వరసగా తీసి కలిపి ఒకటి చేస్తుంది. షామియానా అలంకరణకు, కూర్చున్న జనానికి అది బాగుంటుంది. చప్పట్లు కొట్టే కవ్వాల్‌కు పనికిరాదు. ప్రో మోడ్ ఉంటే షట్టర్ 1/100, ఐఎస్‌ఓ 1600 దగ్గర మొదలుపెట్టి సర్దుకోండి.

ఇంట్లోనే ప్రాక్టీస్ చేయొచ్చు. గదిలో ఒక్క 9 వాట్ల బల్బు ఉంచి, పిల్లల్లో ఒకరిని చప్పట్లు కొట్టమనండి. 1/30, 1/60, 1/125, 1/250 నాలుగు షట్టర్లలో తీసి పక్కపక్కన పెట్టి చూడండి. ఇంత చదివినా అర్థం కానిది ఆ పది నిమిషాల్లో అర్థమవుతుంది.

అనుమతి, అదబ్

ఫోకస్ కోసం వెలిగే చిన్న లైటు, బీప్ శబ్దం రెండూ ఆపేయండి. స్క్రీన్ వెలుతురు తగ్గించండి. దర్గాల్లో, ఖాన్‌ఖాల్లో సమా జరిగే చోట ముందుగా నిర్వాహకులను అడగండి. ఒక్కో చోట ఒక్కో పద్ధతి ఉంటుంది. వద్దంటే వద్దంతే, ఫోన్ దాచి తీయడం కూడదు.

ముఖ్యంగా జనానా వైపు. చీకట్లో పరదా పక్కకు తొలిగితే చాలు, మంచి లెన్స్ అవతలి ముఖాలు స్పష్టంగా పట్టేస్తుంది. కంటికి కనబడనివి కెమెరాకు కనబడతాయి. ఫొటో గ్రూపులో పెట్టే ముందు వెనక మూలల్ని పెద్దవి చేసి చూడండి. అనుమతి లేని ముఖం ఉంటే కత్తిరించండి. ఈ మర్యాద మన నగరానికి కొత్తది కాదు. దీన్‌దయాళ్ 1892లోనే హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారు. అక్కడ ఫొటోలు తీసే పనిని మిసెస్ కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళ చూసుకున్నారు. ఈ రోజుల్లో మన అమ్మాయిలు చాలామంది మంచి ఫొటోలు తీస్తున్నారు. జనానా వైపు మెహ్‌ఫిల్ ఫొటోలు వాళ్లకే అప్పగించండి, డబ్బు కూడా సమానంగా ఇవ్వండి.

తర్వాత ఏం చేయాలి?

మెహ్‌ఫిల్ అయ్యాక రెండు వందల ఫొటోల నుంచి పది ఎంచుకోండి. ముందు చెదిరినవి, తర్వాత కళ్లు మసకగా ఉన్నవి తీసేయండి. చుక్కలు తగ్గించే టూల్ కొద్దిగా వాడండి. ముఖాన్ని "స్పష్టం" చేస్తామనే ఏఐ యాప్‌లతో జాగ్రత్త. అవి లేని కనురెప్పలను, లేని పళ్లను ఊహించి గీస్తాయి. పెద్ద ఉస్తాద్ ముఖం నున్నగా, వేరే మనిషిలా తయారవుతుంది. గరుకుగా ఉన్నా అసలు ఫైల్‌ను అలాగే దాచండి.

వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది, చీకటి భాగాలు గళ్లు గళ్లుగా మారతాయి. డాక్యుమెంట్‌గా పంపండి. రెండు చోట్ల కాపీ పెట్టండి, ఒకటి ఫోన్ బయట. ఫైల్ పేరులో తేదీ, ఊరు, కవ్వాల్ పేరు, ఆ సమయంలో పాడుతున్న కలామ్ రాయండి. ప్రింట్ వేయిస్తే ఆ వివరాలే వెనక పెన్సిల్‌తో రాయండి. పాడిన బృందానికి కూడా ఒక సెట్ పంపండి. తబలా, ఢోలక్ వాయించేవాళ్లకు, వెనక వరసలో చప్పట్లు కొట్టేవాళ్లకు వాళ్ల ఫొటోలు వాళ్లకు అందడం చాలా అరుదు.